నోరెండిన సాక్ష్యం

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ప్రొద్దుటూరు దగ్గర మా ఊళ్ళో, జేజి చెవికమ్మలు పోయాయి. జేజి అంటే మా నాయన తల్లి. ఆవిడ పోలీసుల్ని పిలవలేదు. బియ్యం మంత్రింపించి తెచ్చి, ఇంట్లో ఆడవాళ్ళందర్నీ వరసగా కూర్చోబెట్టి, తలా ఇన్ని చేతిలో పోసి "నమిలి ఉమ్మండి" అంది. అమ్మ ఉమ్మింది, అత్త ఉమ్మింది, తడిపిండి పడింది. పనిమనిషి నోట్లోంచి మాత్రం పొడిపిండి రాలింది. "చూస్తిరి గదా!" అంది జేజి. అరుగుమీద మా చిన్నాయన వక్కలు నములుతూ చూస్తున్నాడు. మగవాళ్ళకు బియ్యం పంచలేదు.

ఈ పరీక్ష మా జేజి కనిపెట్టిందేమీ కాదు సుమండీ. స్మృతుల్లో దీనికి తండుల దివ్యమని పేరుంది. దొంగతనం వ్యవహారాల్లో వాడేవారు. భయపడితే నోట్లో తడి ఆరిపోతుంది, నిజమే. కానీ దొంగెవరో, దొర ఎవరో భయానికేం తెలుసు? పైగా మా కరువుసీమలో నోరెండటమే నేరమైతే సగం జిల్లాను జైల్లో పెట్టాలి!

లోభం లేని మగవాడు ఒక్కడైనా సాక్షిగా చాలునట, శుచిగల ఆడవాళ్ళు ఎందరున్నా చాలరట. వారి బుద్ధికి నిలకడ లేదని మనువు చెప్పిన కారణం. యాజ్ఞవల్క్యుడు ఆడవాళ్ళకు నిప్పూ, విషమూ వద్దని, పిల్లలతో, ముసలివాళ్ళతో, రోగులతో కలిపి తక్కెడ పరీక్ష పెట్టాడు. రెండోసారి తూచినప్పుడు పైకి లేస్తే నిర్దోషి, కిందికి దిగితే దోషి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన తెనిగించాడు కూడా.

మన నంద్యాల ప్రభువు కృష్ణమరాజుకు పింగళి సూరన అంకితమిచ్చిన కళాపూర్ణోదయంలో మాత్రం లెక్క వేరు. కలభాషిణి రంభ వేషంలో వస్తుంది, మణికంధరుడు నలకూబరుడి వేషంలో వస్తాడు. ఎదుటివారిదీ వేషమేనని ఇద్దరికీ తెలియదు. ఎవరు ఎవరిని మోసగించినట్టు? 16వ శతాబ్దపు కవి అబద్ధాన్ని ఆడామగా ఇద్దరికీ సమానంగా పంచిపెట్టాడని నాకు మహా ఇష్టం.

ఇక యంత్రాల సంగతి. 1915లో అమెరికాలో మార్‌స్టన్ అనే ఆయన, అబద్ధమాడితే రక్తపోటు పెరుగుతుందని ఒక పరీక్ష తయారుచేశాడు. కోపమొస్తే తన రక్తపోటు పెరుగుతున్నట్టుందని భార్య ఎలిజబెత్ అన్న మాటే దానికి మూలమంటారు. పేరు మాత్రం ఆయనకొచ్చింది, మామూలే! 1941లో ఈయనే వండర్ ఉమన్ బొమ్మల కథ సృష్టించాడు. ఆమె తాడుతో కట్టేస్తే ఎవరైనా నిజం కక్కాల్సిందే.

తరవాత మెదడు వంతు వచ్చింది. 2012లో పోలండు పరిశోధకులు స్త్రీ పురుషుల చేత నిజాలూ అబద్ధాలూ చెప్పిస్తూ వారి మెదళ్ళను స్కాన్ చేశారు. సొంత సంగతుల గురించి అబద్ధమాడేటప్పుడు, మెదడు ముందుభాగంలో ఎడమవైపు ఒకచోట, మగవారిలో ఆడవారికన్నా ఎక్కువ చలనం కనిపించిందట. మావారికి చదివి వినిపిస్తే పేపరు అడ్డం పెట్టుకున్నారు. అయినా న్యాయం చెప్పుకోవాలి. అది అబద్ధాలకోరుతనానికి కొలత కాదు, ఆ పనికి మెదడు పడే ప్రయాస. అదీ కొందరి సగటే. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి గుట్టు దానితో తేలదు. మన సుప్రీంకోర్టు అంతకు రెండేళ్ళ ముందే, 2010 మే 5న, సెల్వి కేసులో చెప్పింది: లై డిటెక్టరు గానీ, నార్కో గానీ, మెదడు పరీక్ష గానీ మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని.

మా పనిమనిషిని ఒప్పుకుంటావా అని ఎవరడిగారు? పని మానేస్తే గడవదు గనక మానలేదు, కానీ తలెత్తి మాట్లాడటం మానేసింది. మూడు నెలల తరవాత బట్టలు ఉతకబోతే చిన్నాయన చొక్కా జేబులో కమ్మలు కుదువ పెట్టిన చీటీ దొరికింది. ఆమె చేతికే! తెచ్చి, పల్లెత్తు మాట అనకుండా, జేజి ముందు పెట్టింది.

జేజి ఆ చీటీ వంక చాలాసేపు చూసింది. తరవాత పెదాలు తడుపుకుంటూ నాతో అంది: "పాపా, చెంబుతో నీళ్ళు తేపో."