మిగ్ విమానముల పుట్టుపూర్వోత్తరములు

2025వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన చండీగఢములో మన వైమానికదళము మిగ్-21 విమానములకు వీడ్కోలు పలికినది. అరువది రెండేండ్లు మన యాకాశమును గాచిన యా విమానము పేరు పల్లెలలోని బాలురకు సైతము పరిచితమే. కాని యా పేరు వెనుకనున్న మనుష్యుల చరిత్ర మనలో ననేకులకు దెలియదు.

మికొయాన్, గురేవిచ్ అను నిర్వురి పేళ్ల తొలి యక్షరముల నడుమ, సంస్కృతమున 'చ'కారమువలె రష్యనుభాషలో సముచ్చయార్థము నిచ్చు 'ఇ'కారమును జేర్పగా 'మిగ్' అయ్యెను. వీరి రూపకల్పనాశాఖ, అనగా విమానమునకు లెక్కలు గట్టి పటములు గీచు నిపుణుల సంఘము, 1939 డిసెంబరులో మాస్కోలోని ఒకటవ సంఖ్య విమానకర్మాగారమున నేర్పడెను. 1940 ఏప్రిలు 5ననే వీరి మొదటి యుద్ధవిమాన మెగిరినది. నాలుగు మాసములలో నింత పని జరుగుట వింతగా దోచును. కాని దాని తొలిరూపమును భావించినవాడు పొలికార్పొవ్ అను పూర్వనిర్మాత. ఆయన జర్మనీకి బోయియున్న కాలమున, ఆయన ప్రణాళికయు, ఆయన సహచరులలో పెక్కురును ఈ క్రొత్తశాఖకు మార్పబడిరి.

ఆ పొలికార్పొవునకు అంతకు ముందే పెద్ద యాపద వచ్చియుండెను. 1929 అక్టోబరులో ప్రభుత్వము ఆయనను ద్రోహియని నిర్బంధించినది. గ్రిగొరొవిచ్ అను మఱియొక నిర్మాత యంతకు ముందుసంవత్సరమే చెరబడెను. కావలివాండ్ర నడుమ కూర్చుండి యా ఖైదీలు 'ఐ-5' విమానమునకు పటములు గీచిరి. అది 1930 ఏప్రిలు 29న నెగిరినది. తరువాత 1937లో టుపొలేవునకును నదే గతి పట్టినది. ఆయన 'టు-2' విమానము నిర్బంధములోనే రూపొందెను.

భయమే పనిని త్వరపెట్టినదని వాదించువారు గలరు. ఆ వాదము నిలువదు. పొలికార్పొవు విద్య చెరసాలలో నేర్చినది కాదు. 1916లో పెట్రోగ్రాడు విద్యాలయమునుండి వెడలి సికోర్‌స్కీ కడ పనిచేసి గడించినది. ఆయనకు విశేషకీర్తి దెచ్చిన 'ఐ-16' ఆయన విడుదలయైన పిమ్మట 1933 డిసెంబరులో నెగిరినది. చెర విద్యను పుట్టింపలేదు. పుట్టిన విద్యను వాడుకొన్నది.

ఈ కథ మన హైదరాబాదు వఱకు వచ్చినది. 1962లో మిగ్-21 విషయమున భారత సోవియట్ ప్రభుత్వముల కొప్పందము కుదిరెను. 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్సు సంస్థ యేర్పడినది. విమానదేహము నాసికులో, ఇంజను కోరాపుటులో, ఎలక్ట్రానిక్ పరికరములు హైదరాబాదులో చేయుట కేర్పాటయ్యెను. ఆ పరికరములకై బాలానగరు కర్మాగారము 1965లో స్థాపితమైనది. ఈ సంస్థ నిర్మించిన మిగ్-21లు ఆఱువందలకు మించినవి. ఇది చిన్నపని గాదు. అయినను పటము మాస్కోది, చేయి మనది.

సిరిసిల్లలో మరమగ్గము నడపు నేతగాడు తెగిన పోగును రెప్పపాటులో ముడివేయును. ఆతని నేర్పునకు వంక లేదు. కాని బట్ట రకమును నిర్ణయించువాడు వేఱొకడు. ఆర్డరు వచ్చిన మగ్గ మాడును, రాకున్న నాగును. దేశముల విషయమును నింతే.

మనకు స్వంతయత్నము లేకపోలేదు. జర్మను నిపుణుడు కుర్ట్ టాంకు నాయకత్వమున మనవారు రూపొందించిన 'మారుత్' 1961 జూన్ 17న బెంగుళూరులో నెగిరినది. తగిన ఇంజను దొరకక యది తలచిన వేగము నందుకొనలేదు. తరువాతి స్వదేశ యుద్ధవిమానమైన 'తేజస్' ఎగిరినది 2001 జనవరి 4న. నడుమ దాదాపు నలువదియేండ్లు! ఆ యెడములో మొదటి తరమువారి యనుభవము రెండవ తరమునకు చేతికి చేయిగా నందలేదు. కర్మాగారమును ధనముతో కట్టవచ్చును. పరంపర తెగినచో దానిని ధనముతో నతుకలేము.

కావున జగిత్యాల, కోరుట్ల బడులలో నల్లబల్లమీది పటమును చూచి చక్కగా గీచిన బాలుని మెచ్చుకొనుటతో మన పని తీరదు. ఈ గీత యిచ్చట నేల యుండవలె నని యడిగిన బాలుని గద్దింపక, వానికి సమాధానము చెప్పవలెను. పటము గీయువారు అట్టి ప్రశ్నలనుండియే పుట్టెదరు.