వెబ్ దాటిన ఫ్లాష్: బొమ్మలాట మొదలు బడిపాఠం వరకు

ఫ్లాష్ అనగానే పలువురికి గుర్తుకు వచ్చేవి ఇంటర్నెట్ పుటలపై కదలాడిన ప్రకటనలు, చిన్న చిన్న ఆటలు. అడోబ్ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయరుకు స్వస్తి పలికింది. 2021 జనవరి 12 నుండి ఆ ప్లేయరులో ఫ్లాష్ అంశాలు తెరుచుకోకుండా అడ్డుకట్ట వేసింది. దానితో ఫ్లాష్ కథ ముగిసిందని భావించడం సహజమే. అయితే ఈ ఉపకరణంతో రూపొందినవన్నీ వెబ్ కోసం చేసినవి కావు. టెలివిజన్ ధారావాహికలు, పూర్తి నిడివి చలనచిత్రం, కంప్యూటర్ ఆటల తెరలు, బడిపిల్లల సీడీ పాఠాలు దీనితోనే తయారయ్యాయి. వాటిలో చాలావాటిని నేటికీ చూడవచ్చు, కాపాడుకోవచ్చు.

పుట్టిల్లు వేరు

వెబ్ ఫ్లాష్‌కు మెట్టినిల్లే గాని పుట్టిల్లు కాదు. అమెరికాకు చెందిన జొనాథన్ గే, ఆయన సహచరులు ఫ్యూచర్‌వేవ్ సంస్థలో మొదట స్మార్ట్‌స్కెచ్ అనే చిత్రలేఖన సాధనాన్ని రూపొందించారు. తెరపై కలంతో రాసే కంప్యూటర్లకు అది ఉద్దేశింపబడినది. ఆ కంప్యూటర్లు ఆదరణ పొందకపోవడంతో దానికి కదలికను జోడించి, 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ పేరుతో విడుదల చేశారు. అదే సంవత్సరాంతాన మాక్రోమీడియా దానిని కొని ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2005లో మాక్రోమీడియా అడోబ్‌లో విలీనమైంది. 2016లో ఈ చిత్రరచనా సాధనం పేరు అడోబ్ యానిమేట్‌గా మారింది. అనగా 2020లో ఆగిపోయినది చూపించే ప్లేయరే గాని, బొమ్మలు తయారుచేసే సాధనం కాదు.

తోలుబొమ్మ సూత్రం

ఫ్లాష్‌లో బొమ్మను చుక్కల సముదాయంగా గాక, గీతల కొలతలుగా భద్రపరుస్తారు. దీనిని వెక్టర్ పద్ధతి అంటారు. అందువలన ఒకే బొమ్మను అరచేతి తెరకైనా, సినిమా తెరకైనా అంచులు చెదరకుండా పెంచవచ్చు.

రెండవ విశేషం అవయవ విభజన. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుగాంచిన గ్రామం. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. ఇంట మరాఠీ మాండలికం మాట్లాడుతూ తెలుగులో ఆట ఆడే కుటుంబాలు ఈ కళను నిలబెట్టాయి. తోలుబొమ్మలో చేతులు, కాళ్లు, తల విడివిడిగా కత్తిరించి, కీళ్ల వద్ద దారంతో కట్టి, పుల్లలతో ఆడిస్తారు. ఫ్లాష్ కళాకారుడు చేసేదీ అదే. ఒక్కొక్క అవయవాన్ని ఒక సింబల్‌గా గీసి, కీలు వద్ద అతికి, తొలి భంగిమను, తుది భంగిమను నిర్దేశిస్తాడు. నడుమనున్న కదలికను కంప్యూటరే పూరిస్తుంది. దీనికి ట్వీన్ అని పేరు. సెకనుకు 24 బొమ్మలు చేతితో గీయవలసిన శ్రమ ఈ విధంగా ఎంతో తగ్గింది.

టెలివిజన్, సినిమా

2004లో కార్టూన్ నెట్‌వర్క్‌లో మొదలైన ఫోస్టర్స్ హోమ్ ఫర్ ఇమాజినరీ ఫ్రెండ్స్, 2010లో మొదలైన మై లిటిల్ పోనీ: ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్ ధారావాహికలు ఫ్లాష్‌తో తయారైనవే. ఇంతకంటె విశేషమైనది 2008 నాటి సీతా సింగ్స్ ది బ్లూస్. రామాయణంలోని సీత కథను అమెరికన్ చిత్రకారిణి నీనా పేలీ 82 నిమిషాల చిత్రంగా మలిచారు. యానిమేషన్‌ను చాలావరకు ఆమె ఒక్కరే ఇంటి కంప్యూటరుపై చేశారు. అందులో మూడు నీడబొమ్మలు కథను చర్చించుకుంటూ నడిపిస్తాయి. ఇటువంటి కృతులను చివరకు వీడియోగా మార్చి భద్రపరచడం చేత, ఫ్లాష్ ప్లేయరు ఆగిపోయినా వాటికి నష్టం కలగలేదు.

ఆటల తెరలు

స్కేల్‌ఫార్మ్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ బొమ్మలను త్రిమితీయ ఆటల లోపల చూపించేది. 2007లో వచ్చిన క్రైసిస్, మాస్ ఎఫెక్ట్ ఆటలు పట్టికలు, సూచికలు చూపడానికి దానిని వాడుకున్నాయి. చెక్ దేశపు అమనిటా డిజైన్ 2009లో విడుదల చేసిన మషినేరియం ఆట మొత్తం ఫ్లాష్‌తోనే రూపొంది, కంప్యూటరులో నింపుకొని ఆడే ఆటగా అమ్ముడైంది.

సీడీ పాఠాలు

ఫ్లాష్‌లో పాఠాన్ని, ప్లేయరును కలిపి ఒకే ఫైలుగా కట్టే వీలు ఉండేది. దీనిని ప్రొజెక్టర్ అంటారు. ఇంటర్నెట్ లేని బడిలోనూ సీడీ పెట్టి పాఠం చూపడానికి ఇది అనువైనది. రక్తప్రసరణ, గ్రహణాలు, భిన్నాలు వంటి కదలిక చూస్తేనే బోధపడే విషయాలకు ఇది తగిన సాధనం.

తెలుగు లిపికి మాత్రం ఒక చిక్కు ఎదురైంది. 2008లో పదవ ప్లేయరు వచ్చేవరకు ఒత్తులు, గుణింతాలు గల లిపులను సక్రమంగా కూర్చే ఏర్పాటు ఫ్లాష్‌లో లేదు. అందుచేత తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి అతికించే పద్ధతి వాడుకలో ఉండేది. ఆ విధంగా చేసిన పాఠాలలో అక్షరాలు నేటికీ ఫాంటు లేకున్నా చెక్కుచెదరక కనిపిస్తాయి. ఫాంటుపై ఆధారపడి చేసిన పాఠాలలో మాత్రం ఆ పాత ఫాంటు లేనిచో అక్షరాలు తారుమారవుతాయి.

కాపాడుకొనే విధానం

పాలనాభాష వేరైన రాష్ట్రాలలో తెలుగులో చదివే పిల్లలకు బోధనోపకరణాలు దొరకడమే అరుదు. అందుచేత బడి బీరువాలోనో, ఇంటి అటకపైనో ఉన్న తెలుగు సీడీ విలువైనదే. దానిని కాపాడుకోవడానికి ఈ క్రమం ఉపకరిస్తుంది.

1. మొదట సీడీలోని ఫోల్డర్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్లుగా కంప్యూటరులోకి, పెన్‌డ్రైవులోకి నకలు చేయాలి. ఒక ఫైలు మరొక ఫైలును పిలుస్తుంది గనుక ఏదీ విడిచిపెట్టరాదు, పేర్లు మార్చరాదు.

2. ఫైలు పేరు చివర ఈఎక్స్‌ఈ అని ఉంటే అది ప్రొజెక్టర్ కావచ్చు. వైరస్ తనిఖీ చేసి, ఇంటర్నెట్ తొలగించిన విండోస్ కంప్యూటరులో తెరవాలి.

3. చివర ఎస్‌డబ్ల్యూఎఫ్ అని ఉంటే రఫుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరవవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నుండి పాత ఫ్లాష్ కృతులను చూపుతున్నది దీనితోనే. పాత ఫైలు అయితే ఇందులో సాధారణంగా చక్కగా నడుస్తుంది. తరువాతి కాలపు క్లిష్టమైన ఫైళ్లు కొన్ని నడవకపోవచ్చు.

4. కేవలం చూసే పాఠమైతే, తెరను రికార్డు చేసి వీడియోగా మార్చితే ఫోనులోనూ చూపవచ్చు. పిల్లవాడు బొత్తాం నొక్కి జవాబు చెప్పే పాఠాన్ని వీడియో చేస్తే ఆ సౌకర్యం పోతుంది గనుక మూల ఫైలును కూడ ఉంచుకోవాలి.

5. అపరిచిత స్థలాలలో దొరికే పాత ప్లేయర్లను నింపుకోరాదు. సీడీని ఇతరులకు పంచే ముందు దానిపై హక్కు గలవారి అనుమతి తీసుకోవాలి.

పాతవాటికి బదులు కొత్తవి కూడ లభ్యమవుతున్నాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ పథకం, మొదట జావాలోను, ఫ్లాష్‌లోను చేసిన విజ్ఞాన, గణిత ప్రయోగాలను అనేకంగా హెచ్‌టీఎంఎల్5లో తిరిగి రూపొందించింది. వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ఒకసారి దిగుమతి చేసుకుంటే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తాయి.

కొత్తగా వచ్చే ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవు దాదాపు కనుమరుగైంది. సీడీలు సైతం కాలక్రమంలో చెడిపోతాయి. కనుక పైన చెప్పిన అయిదింటిలో మొదటి పనిని, చదవగల డ్రైవు ఊరిలో ఒక్కటైనా ఉన్నప్పుడే పూర్తిచేసుకోవడం మేలు.