శిరస్త్రాణం చరిత్ర, మరణాల లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో పాత బండిని విప్పే షెడ్డు ముందు మీరెప్పుడైనా కాసేపు నిలబడ్డారా? ఇంజను ఒక గుట్టలో చేరుతుంది, చక్రాలు మరో గుట్టలో చేరతాయి, మిగిలిన చట్రం తుక్కు కింద తూకానికి పోతుంది. అరగంటలో మోటారు సైకిలు మాయమవుతుంది. కానీ దాని రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయించడానికి రవాణా కార్యాలయానికి వెళ్ళే యజమానులు అరుదు. జీవితపన్ను కొన్ననాడే కట్టేశారు కాబట్టి తరువాత అడిగేవారూ ఉండరు. తుక్కయిపోయిన ఆ బండి లెక్కల పుస్తకంలో మాత్రం బతికే ఉంటుంది. రోడ్డు మరణాల గణాంకాలు చదివేటప్పుడల్లా నాకు ఈ షెడ్డే గుర్తుకు వస్తుంది.

ఎందుకో వివరిస్తాను. 1951లో దేశం మొత్తం మీద రిజిస్టరైన మోటారు వాహనాలు సుమారు 3 లక్షలు. వాటిలో ద్విచక్ర వాహనాలు 27 వేలు మాత్రమే. 1980ల నడుమ వంద సీసీ జపాను ఇంజన్ల బళ్ళు వచ్చాక పరిస్థితి తారుమారైంది. 2011 నాటికి 14 కోట్ల వాహనాల్లో 10 కోట్లకు పైగా ద్విచక్ర వాహనాలే. ఈ పెరుగుదలను మనసులో ఉంచుకుని మరణాల రేటు చూడండి. 1970లో ప్రతి 10,000 వాహనాలకు 103 మంది మరణించారు. 2010లో ఆ సంఖ్య 10.5. మరణాలు పదో వంతుకు తగ్గాయని సంతోషించాలా? అవే సంవత్సరాల్లో ప్రతి లక్ష జనాభాకు మరణాలు 2.7 నుంచి 11.3కు, అంటే నాలుగు రెట్లకు పైగా పెరిగాయి. రెండు లెక్కల్లోనూ లవం ఒక్కటే: 1970లో 14,500 మంది, 2010లో 1,34,500 మంది. మారింది హారం మాత్రమే. వాహనాలు పెరిగేకొద్దీ వాహనానికి మరణాల రేటు తగ్గుతుందని బ్రిటిష్ గణాంకవేత్త స్మీడ్ 1949లోనే చూపించాడు. దానికితోడు మన హారంలో ఆటోనగర్ తుక్కు కూడా కలిసి ఉంది. వైద్యుడిగా నేను జనాభా లెక్కనే నమ్ముతాను. మలేరియాను దోమకు ఇన్ని మరణాలని కొలవం కదా!

ఇక శిరస్త్రాణం సంగతి. 1935 మే నెలలో ఇంగ్లండులో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్స్, సైకిళ్ళపై వెళ్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి మోటారు సైకిలు మీంచి పడ్డాడు. ఆరు రోజుల తరువాత తల గాయంతో మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే నాడీశస్త్ర వైద్యుడు ఉన్నాడు. ఆ మరణాన్ని ఆయన మరచిపోలేదు. 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు. యుద్ధం మొదలైన 21 నెలల్లో 2,279 మంది మోటారు సైకిలు ప్రయాణికులు రోడ్డు ప్రమాదాల్లో మరణించారని, తల గాయమే ముఖ్య కారణమని అందులో రాశాడు. తాను పరిశీలించిన క్షతగాత్రుల్లో హెల్మెట్ ఉన్నవారు ఏడుగురే. ఆ ఏడుగురూ బతికారు.

ఏడుగురితో ఏమి తేలుతుందని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఆ రోజుల్లో ఎందరు హెల్మెట్ ధరించేవారో తెలియకుండా ఆ సంఖ్యకు అర్థం లేదు. అయినా అదే ఏడాది నవంబరులో బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. 1946లో కెయిర్న్స్ మళ్ళీ లెక్క తీసి మరణాలు తగ్గాయని చూపాడు. 1942లో పౌరులకు పెట్రోలు కోటా రద్దవడం కూడా ఆ తగ్గుదలకు కొంత కారణమై ఉండాలి. ఆయన నిర్ణయం సరైనదే. రుజువు మాత్రం తరువాత వచ్చింది. అనేక పరిశోధనలను కలిపి 2008లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాన్ని 69 శాతం తగ్గిస్తుంది.

మన రాష్ట్రానికీ ఈ చరిత్రలో ఒక పుట ఉంది. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నియమావళిలోని హెల్మెట్ నిబంధన స్వేచ్ఛకు భంగమంటూ సుప్రీంకోర్టుకు వెళ్ళినది అజయ్ కాను కేసు. హెల్మెట్ పెట్టుకోమనడం రాకపోకల స్వేచ్ఛకు అడ్డు కాదని 1988లో కోర్టు తేల్చింది. అదే ఏడాది వచ్చిన మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను దేశమంతటికీ ఆ నియమాన్ని విస్తరించింది. అయినా 2024లో, మూడు నెలల్లో 667 మంది హెల్మెట్ లేక మరణించారన్న వివరాలు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చాయి.

2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. హెల్మెట్ లేక మరణించినవారు 50,029 మంది. అంటే మూడింట రెండు వంతులు. దీన్ని చూసి, ‘మిగిలిన మూడో వంతు హెల్మెట్ ఉండీ పోయారు కదా, ఇక దేనికి?’ అని వాదించేవారు నాకు తరచూ తారసపడతారు. ఒక ఊహాలెక్క వేద్దాం. ప్రమాదానికి గురైన వెయ్యి మందిలో సగం మందికి హెల్మెట్ ఉంది, సగం మందికి లేదు. లేని 500 మందిలో 50 మంది మరణించారనుకోండి. 42 శాతం తగ్గితే ఉన్న 500 మందిలో 29 మంది మరణిస్తారు. మొత్తం 79 మంది మృతుల్లో 29 మంది, అంటే మూడో వంతు కంటే కాస్త ఎక్కువే, హెల్మెట్ ఉన్నవారే. అయినా ఆ హెల్మెట్లు 21 ప్రాణాలు కాపాడాయి. కాపాడినవారు ఏ మృతుల పట్టికలోనూ కనిపించరు.

ఆ 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. బెంజి సర్కిల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే, భర్త తలపై హెల్మెట్, వెనుక భార్య తలపై చీర కొంగు కనబడతాయి. ఒకే బండి, ఒకే వేగం, ఒకే ప్రమాదం. పరిశోధకులు సరిగ్గా ఇటువంటి జంటలనే పోల్చి హెల్మెట్ ప్రభావాన్ని కొలుస్తారు. మన కుటుంబాలు ఆ పరీక్షను రోజూ తెలియకుండానే చేస్తున్నాయి.

నేను పనిచేసిన ఆసుపత్రుల్లో క్షతగాత్రుడి పేరు, వయసు, తెచ్చినవారి పేరు, గాయం వివరం రాసుకునేవాళ్ళం. హెల్మెట్ ఉందా, గడ్డం కింద పట్టీ బిగించి ఉందా అన్న గడి మా రిజిస్టరులో ఉండేది కాదు. పట్టీ బిగించని హెల్మెట్ పడేటప్పుడు ముందుగా తానే ఎగిరిపోతుందని తెలిసి కూడా, ఒక గీత గీసి ఆ గడిని నేనే చేర్చవచ్చునన్న ఆలోచన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు రాలేదు.