ఒకటిముప్పావును అరతో భాగిస్తే

భిన్నంతో భాగించవలసివస్తే దాన్ని తలకిందులు చేసి గుణించాలన్న సూత్రం తెలుగు మాధ్యమంలో చదువుకున్న మా తరానికి కంఠస్థం. అలా ఎందుకు చేయాలని నేను ఎన్నడూ అడగలేదు. గణితోపాధ్యాయుల శిక్షణ చరిత్రలో ఆ ‘ఎందుకు’కు ప్రత్యేక స్థానముంది.

1980ల చివర మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపాధ్యాయులకు ఒక ప్రశ్న వేశారు: ఒకటిముప్పావును అరతో భాగించి, ఆ లెక్కకు సరిపోయే నిత్యజీవిత సందర్భం ఒకటి చెప్పండి. ఆ పరిశోధనలో పాల్గొన్న లీపింగ్ మా, సాంస్కృతిక విప్లవ కాలంలో ఉన్నత పాఠశాల చదువు పూర్తికాకముందే షాంఘై నుండి పల్లెకు పంపబడి, అక్కడే పంతులమ్మ అయిన వ్యక్తి. ఆమె అవే ప్రశ్నలను చైనాలో 72 మంది ఉపాధ్యాయులను అడిగి, ఆ సమాధానాలను 23 మంది అమెరికన్ల సమాధానాలతో పోల్చి, 1999లో గ్రంథంగా ప్రచురించారు. ఆ అమెరికన్లలో దాదాపు సగం మంది వృత్తికి కొత్తవారు.

లెక్కకు పూనుకున్న 21 మంది అమెరికన్లలో సరైన జవాబు రాబట్టినవారు 9 మందే. అర్థవంతమైన సందర్భం చెప్పినది ఒక్కరే. పలువురు అరతో భాగించడాన్ని సగం చేయడంగా పొరబడ్డారు. చైనా ఉపాధ్యాయులందరూ సరిగా చేశారు. నిజానికి మన కిరాణాకొట్టులో ఈ లెక్క కష్టం కాదు: ఒకటిముప్పావు కిలోల పప్పును అరకిలో పొట్లాలుగా కడితే మూడున్నర పొట్లాలు.

విచిత్రమేమిటంటే, అమెరికన్లు పట్టభద్రులు. చైనావారిలో అధికులు తొమ్మిదేళ్ల చదువు తరువాత రెండు మూడేళ్ల శిక్షణ మాత్రమే పొందినవారు. ఇంత చిన్న నమూనాతో జాతుల మధ్య తారతమ్యాలు నిర్ణయించలేము. అయినా మా చూపిన కారణాలు ఆలోచించదగ్గవి. చైనా పాఠశాలల్లో ఉపాధ్యాయులు బృందాలుగా కూర్చుని పాఠ్యపుస్తకాన్ని చదువుతారు, ఒకే లెక్కకు పలు మార్గాలు వెతుకుతారు, వాటి మంచిచెడ్డలు తర్కిస్తారు. అక్కడ శిక్షణ పట్టాతో ముగియదు.

వైద్యశిక్షణలో మేమూ పొరపాటైన కేసును తోటివారి ముందు పెట్టి చర్చిస్తాము. మొదటిసారి గొంతు వణుకుతుంది. క్రమంగా, తెలియదని ఒప్పుకొని కారణం వెతికే నిబ్బరం అలవడుతుంది. విమర్శనాత్మక ఆలోచన, నిలదొక్కుకునే శక్తి వ్యక్తిగత సుగుణాలని భావించి, వాటిపై ఉపన్యాసాలిస్తే సరిపోదు. పిల్లవాడు ‘ఎందుకు?’ అన్నప్పుడు కొత్త ఉపాధ్యాయుడు సూత్రం చాటున దాక్కోకుండా ఉండాలంటే, ఆ ప్రశ్నను మరునాడు సహోపాధ్యాయుల ముందు నిస్సంకోచంగా పెట్టే చోటు, దానికి తగిన సమయం పాఠశాలే కల్పించాలి.