హెపటైటిస్ నివారణలో శరీర సహజ ప్రోటీన్ల పాత్ర

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో భాగంగా ఉన్నాయి. ఇతర తెలుగు ప్రాంతాలలో వలెనే ఇక్కడ కూడా పచ్చకామెర్లు వచ్చినవారు పసరు మందును ఆశ్రయించడం పరిపాటి. పసరు తీసుకున్న అనేకులకు వ్యాధి తగ్గుతున్న మాట వాస్తవమే. అయితే తగ్గించేది పసరు కాదు. రోగి శరీరంలోని రక్షణ వ్యవస్థ, అది ఉత్పత్తి చేసే ప్రోటీన్లు.

వీటిలో ముఖ్యమైనది ఇంటర్‌ఫెరాన్. దీనిని 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. వైరస్ సోకిన కణం విడుదల చేసే ఈ ప్రోటీన్ పొరుగు కణాలను హెచ్చరించి, వాటిలో వందలాది రక్షక జన్యువులను మేల్కొలుపుతుంది. తత్ఫలితంగా తయారయ్యే ప్రోటీన్లలో కొన్ని వైరస్ ఆర్.ఎన్.ఏ.ను ఛేదిస్తాయి, మరికొన్ని వైరస్ ప్రోటీన్ల తయారీని నిలిపివేస్తాయి. హెపటైటిస్-బి వైరస్ తొలిదశలో ఈ హెచ్చరికకు దొరకకుండా దాగినప్పటికీ, అనంతరం టి-కణాలు దానిని గుర్తించి అణచివేస్తాయి. కణకేంద్రకంలోని ఎస్.ఎం.సి. 5/6 ప్రోటీన్ల సముదాయం కూడా ఈ వైరస్ డి.ఎన్.ఏ.ను పనిచేయనివ్వదు. ఆ సముదాయాన్ని ధ్వంసం చేయించడానికే వైరస్ తన 'ఎక్స్' ప్రోటీన్‌ను ప్రయోగిస్తున్నదని 2016లో వెల్లడైంది.

హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో దేశీయ హెపటైటిస్-బి టీకాను, 2002లో ఇంటర్‌ఫెరాన్ ఔషధాన్ని విడుదల చేసింది. నేడు హెపటైటిస్-సి వ్యాధిగ్రస్తులలో 95 శాతానికి పైగా నోటిమాత్రలతోనే, సాధారణంగా 12 వారాలలో స్వస్థత పొందుతున్నారు. హెపటైటిస్-బిని టెనోఫోవిర్ వంటి మాత్రలు అదుపులో ఉంచుతాయి.

హెపటైటిస్-బి సోకిన ఆరోగ్యవంతులైన పెద్దలలో సుమారు 95 శాతం మంది శరీరం వైరస్‌ను స్వయంగా తొలగించుకుంటుంది. పుట్టుకతో సోకిన శిశువులలో మాత్రం సుమారు 90 శాతం మందికి అది దీర్ఘకాలిక వ్యాధిగా మారుతుంది. వారి రక్షణ వ్యవస్థ ఇంకా పరిపక్వం కాకపోవడమే ఇందుకు కారణం. కనుక పుట్టిన 24 గంటలలోగా తొలి టీకా, అనంతరం 6, 10, 14 వారాలలో పెంటావలెంట్ టీకాలు తప్పనిసరిగా వేయించాలి.

పసరు వాడిన తరువాత కళ్లు తెల్లబడినంత మాత్రాన వైరస్ పోయినట్లు కాదు. అది ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి కాలేయంలో నిలిచి, సిరోసిస్‌కు, క్యాన్సర్‌కు దారితీయవచ్చు. రక్తపరీక్ష ద్వారానే ఈ విషయం నిర్ధారణ అవుతుంది. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద నిర్ధారణ పరీక్షలు, మందులు ఉచితం. కామెర్లు వచ్చి తగ్గినవారు, గర్భిణులు సమీప ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్షలు చేయించుకోవడం అవసరం.