అలబామా యేటి మలుపులోని బొంతలు

పాతచీరలను పొరలుగా పేర్చి ముసలమ్మలు కుట్టెడు బొంత నెఱుగని తెలుగు పల్లె లేదు. చలికాలమున కప్పుకొనుటకును, పసిబిడ్డను పరుండబెట్టుటకును అది పనికివచ్చును. చినిగినప్పుడు మఱియొక పొర చేర్తుము. బొత్తిగా చివికినప్పుడు పాఱవేయుదుము. దానిని కుట్టిన చేతి పేరు వ్రాసి దాచిపెట్టుట మనలో అరుదు. అట్టి బొంతలనే కుట్టిన కొందఱు పల్లెటూరి స్త్రీల పనితనమునకు అమెరికాలోని గొప్ప కళాప్రదర్శనశాలలు నేడు పేరుపొందిన చిత్రకారుల పటములతో సమానమైన స్థానము నొసగినవి. ఆ స్త్రీలు ఆఫ్రికా సంతతికి చెందిన నల్లజాతివారు. బానిసలుగా బ్రదికినవారి వంశమున పుట్టినవారు. వారి యూరు ఒక యేటి మలుపులో నున్నది. ఆ యూరి చరిత్రమును, ఆ బొంతల చరిత్రమును కలిపి చెప్పుటయే యీ ప్రసంగమున కుద్దేశము.

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమున అలబామా యను రాష్ట్రము కలదు. ఆ పేరుగల నదియే యందు పాఱుచున్నది. విల్కాక్స్ జిల్లాలో నీ నది గుఱ్ఱపు లాడమువలె వంగి, కొంత భూమిని మూడు ప్రక్కల చుట్టుకొనియున్నది. ఆ చోటికి గీస్ బెండ్ అని పేరు. గీ యనునది ఒక భూస్వామి యింటిపేరు. బెండ్ అనగా మలుపు. ప్రభుత్వపు కాగితములలో నీ గ్రామమునకు బాయికిన్ అనియు పేరు కలదు. జిల్లాకు ముఖ్యపట్టణమగు కామ్డెన్ నదికి ఆవలి గట్టు ప్రక్కన నున్నది. రేవు దాటి పోయినచో ఆ పట్టణము దగ్గఱ. రేవు లేనిచో రోడ్డువెంబడి చుట్టి సుమారు 40 మైళ్లు పోవలయును. ఈ రెండు దారుల భేదమును శ్రోతలు మనస్సున నుంచుకొనవలయును.

ఈ బొంతలను గూర్చి ముచ్చటించువారు తఱచుగా నొకమాట చెప్పుదురు. నది యడ్డముగా నుండుటచే లోకపు పోకడలు సోకక, అచటి కళ చెడకుండ నిలిచినదని వారి భావము. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని నది యొక్కటియే వారిని వేఱుచేయలేదు. బానిసత్వము వేఱుచేసెను, అప్పు వేఱుచేసెను, ఒకప్పుడు అధికారములో నున్న మనుష్యులే పూనుకొని వేఱుచేసిరి. నదిని మాత్రమే చూచి మనుష్యులను చూడకున్నచో ఆ బొంతల చరిత్రము మనకు తెలియదు.

1816వ సంవత్సరమున జోసెఫ్ గీ యను భూస్వామి ఉత్తర కెరొలైనా నుండి బానిసలను వెంటబెట్టుకొని వచ్చి, ఈ మలుపులో ప్రత్తి తోటలు వేయించెను. 1845లో ఆ యెస్టేటు అప్పుల క్రింద మార్క్ పెట్‌వే యను బంధువు వశమాయెను. ఆయన ఉత్తర కెరొలైనా నుండి తరలివచ్చునపుడు ఆయన బానిసలు, సుమారు నూఱుమంది, ఆ దూరమంతయు కాలినడకను వచ్చిరి. యజమానుని యింటిపేరే వారికిని అంటుకొనెను. 1865లో బానిసత్వము రద్దయ్యెను. కాని పేరు పోలేదు, భూమి చేతికి రాలేదు. అదే నేలను పాలికాపులై దున్నిరి. నేటికిని ఆ యూర పెట్‌వే యను నింటిపేరు గలవారు పెక్కుమంది. ఒకరికొకరు రక్తసంబంధము లేనివారును ఆ పేరే ధరించియున్నారు.

పాలికాపుతనమున విత్తనములకు, ఎరువునకు, తిండిగింజలకు అప్పు తెచ్చుకొని, పంట వచ్చిన పిమ్మట తీర్చవలయును. పంట వచ్చును, లెక్కలు చూతురు, అప్పు మిగిలియే యుండును. ఇది మన గ్రామములలోని పెద్దలకు వేఱుగ వివరింప నక్కఱలేదు. 1929 తరువాత ప్రత్తి ధర కూలిపోయెను. ఈ యూరివారికి అప్పులిచ్చుచుండిన కామ్డెన్ వర్తకుడొకడు 1932లో మరణించెను. అతని భార్య బాకీలన్నియు నొక్కసారిగ వసూలు చేయ దలచెను. సుమారు 60 కుటుంబముల యిండ్లనుండి కంచరగాడిదలను, ఆవులను, నాగళ్లను, బండ్లను, దాచుకొనిన గింజలను సయితము తోలుకొని, మోసికొని పోయిరి. ఆ శీతకాలమున రెడ్‌క్రాస్ సంఘమువారు పంపిన పిండియే యనేకుల ప్రాణములు నిలిపెను.

ఈ దుస్థితి ప్రభుత్వము దృష్టికి వచ్చెను. అధ్యక్షుడు రూజ్వెల్టు కాలమున, 1937 ప్రాంతమున, సర్కారు ఆ భూమిని కొని, రైతులకు అప్పులిచ్చి, క్రొత్త యిండ్లును, బడియు, జిన్ను మిల్లును కట్టించెను. ఆ సంవత్సరమే ఆర్థర్ రోత్‌స్టైన్ అను ఛాయాగ్రాహకుడు సర్కారు పక్షమున వచ్చి తీసిన చిత్రములు నేటికిని దొరకుచున్నవి. దుంగలతో కట్టిన గుడిసెలు, చలిగాలి చొరకుండ గోడలకంటించిన పత్రికల కాగితములు, వాటినడుమ బొంతలు కుట్టుచున్న స్త్రీలు అందు కాననగును. పిమ్మట 1940 దశకమున ఆ యూరివారు ఆ యిండ్లను, పొలములను స్వల్పవడ్డీ అప్పుమీద కొనుక్కొనిరి. బానిసల సంతతివారు, తమ పెద్దలు చెమటోడ్చిన నేలకు తామే హక్కుదారులైరి. దక్షిణ రాష్ట్రములలో నిట్లు జరిగిన యూళ్లు బహు కొద్ది. ఈ సంగతి తరువాతి కథకు కీలకము.

ఇక బొంతల మాట. అచటి బొంతకు మూడు పొరలు. పైన అతుకుల గుడ్డ, నడుమ ప్రత్తి, క్రింద ముతక గుడ్డ. మూటిని కలిపి చేతితో కుట్టుదురు. నడుమ పొరకు జిన్ను మిల్లు నేలమీద నూడ్చిన ప్రత్తియే ఆధారము. పైపొరకు క్రొత్తగుడ్డ కొనుస్తోమతు లేదు గనుక పొలమునకు తొడిగి చినిగిన చొక్కాలు, మోకాళ్లు చివికిన లాగులు, పిండి వచ్చిన సంచులు ఉపయోగించిరి. ఆ లాగులపై మోకాళ్లవద్ద వెలిసిన నీలి రంగును, జేబు విప్పిన చోట మిగిలిన ముదురు రంగును బొంతలో నట్లే కనబడును. చతురములో చతురము వచ్చునట్లు కుట్టు పద్ధతికి 'ఇంటికప్పు' అని పేరు. పొడుగు చారల పద్ధతికి 'సోమరిపిల్ల' యని పేరు. కాని పద్ధతి యేదైనను దానిని తు.చ. తప్పక అనుసరించుట వారి మర్యాద కాదు. గుడ్డ యెంత యున్నదో అంతటికి తగినట్లు గీత వంగును, రంగు మాఱును. దానిని వారు 'నా తీరు' అందురు.

ఇది సరదాకు చేసిన పని కాదు. లొరెట్టా పెట్‌వే యను నామె బొంతలు నేడు మిక్కిలి ప్రశంసింపబడుచున్నవి. ఆమెయే తనకు కుట్టుపనియం దిష్టము లేదనియు, పిల్లలకు కప్పుటకు వేఱు గతిలేక కుట్టితిననియు చెప్పియున్నది. మిజూరి పెట్‌వే యను మఱియొక యామె 1942లో భర్త పోయిన పిమ్మట, ఆయన పొలములో తొడిగిన బట్టలనే కోసి బొంత కుట్టెను. ఆయనను తలచుకొనుటకు, ఆయన బట్టల వెచ్చదనమున పండుకొనుటకు అట్లు కుట్టినదని ఆమె కూతురు ఆర్లోంజియా తరువాత చెప్పెను. ఆ కూతురే ఆనాడు తల్లికి సాయపడినది. చదువునకు, వ్రాతకు అవకాశ మీయబడని యింట అదియే భర్త జీవితచరిత్రము.

1960 దశకమున నల్లజాతివారు వోటు హక్కు కొఱకు ఉద్యమించిరి. విల్కాక్స్ జిల్లాలో వారే అధిక సంఖ్యాకులు. అయినను 1965 ప్రారంభమునకు ఆ జిల్లా వోటర్ల పట్టికలో నల్లజాతివాని పేరు ఒక్కటియు లేదు. గీస్ బెండ్ వారు పేర్లు వ్రాయించుకొనుటకై నది దాటి కామ్డెన్‌కు పోవుచుండిరి. 1962లో అధికారులు రేవున బల్లకట్టును నిలిపివేసిరి. నాటినుండి వోటుకే కాదు, వైద్యునివద్దకు పోవుటకును, అంగడికి పోవుటకును 40 మైళ్ల చుట్టు తప్పలేదు. నది యెప్పటిదే, నడుమ దారిని మూసినవారు మనుష్యులు.

1965 ఫిబ్రవరిలో డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఆ యూరికి వచ్చి, అచటి ప్రార్థనాలయమున ప్రసంగించెను. ఊరివారు కామ్డెన్‌లో ఊరేగింపులు చేసిరి, చెఱసాలకు పోయిరి. చుట్టుప్రక్కల గ్రామములలో ఇట్లు చేసిన పాలికాపులను భూస్వాములు ఇండ్లనుండి, పొలములనుండి వెళ్లగొట్టిరి. గీస్ బెండ్‌లో భూమి కొనుక్కొనినవారిని అట్లు వెళ్లగొట్టుటకు వీలులేకపోయెను. 1940 దశకమున చేతికి వచ్చిన పట్టా 1965లో నిటారుగా నిలుచుటకు వెన్నెముక యాయెను. ఆ యేడే ఆగస్టు 6వ తేదీన వోటు హక్కుల చట్టము వచ్చెను.

ఆ దినములలోనే ఫ్రాన్సిస్ వాల్టర్ అను క్రైస్తవ మతాచార్యుడు ఆ ప్రాంతమున తిరుగుచు, తీగెమీద నారవేసిన బొంతలను చూచెను. ఆయన ప్రోత్సాహమున 1966లో గీస్ బెండ్ వారును, ఇరుగుపొరుగు గ్రామములవారును కలిసి 'ఫ్రీడం క్విల్టింగ్ బీ' యను సహకార సంఘమును స్థాపించిరి. 'స్వాతంత్ర్యపు బొంతల సంఘ'మని దాని యర్థము. న్యూయార్కులో వేలముల ద్వారా బొంతలు అమ్ముడుపోయెను. సంఘము కొంత భూమి కొని, వోటు కొఱకు ఇండ్లు పోగొట్టుకొనిన కుటుంబములకు అందు చోటిచ్చెను. పెద్ద వర్తక సంస్థలనుండి పనియు దొరకెను. కాని అంగళ్లవారికి కావలసినది ఒకే కొలత, ఒకే తీరు. సియర్స్ కంపెనీకి కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టి యిచ్చి, మిగిలిన ముక్కలను ఇంటికి తెచ్చుకొని, అందు 'నా తీరు' చూపించుకొనిరి. ఎఱుపు, పసుపు, బంగారు వన్నెల ఆ కార్డురాయ్ బొంతలు నేడు వారి పనులలో ప్రసిద్ధమైనవి. ఈ సంఘము 2012 వఱకు నిలిచెను.

1960 దశకపు చివర నదికి దిగువన మిల్లర్స్ ఫెరీయొద్ద ఆనకట్ట కట్టుటచే, గీస్ బెండ్‌లోని మెఱక కాని మంచి పొలములు పెక్కు మునిగిపోయెను. పిల్లలు పనులు వెదకుకొనుచు పట్టణములకు పోయిరి. బొంతలు పెట్టెలలోను, పరుపుల క్రిందను ఉండిపోయెను. 1990 దశకమున విలియం ఆర్నెట్ అను సేకర్త వచ్చి వాటిని కొని కూర్చెను. 2002లో హ్యూస్టన్ నగరమందలి కళాప్రదర్శనశాలలో అవి ప్రదర్శింపబడెను. పిమ్మట న్యూయార్కునందలి విట్నీ మ్యూజియమునకు పోయెను. విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళలో నుత్తమమైన వాటితో పోల్చిరి. 2006లో అమెరికా తపాలా శాఖ పది బొంతల బొమ్మలతో బిళ్లలు ముద్రించెను. 2015లో మేరీ లీ బెండాల్ఫ్, లూసీ మింగో, లొరెట్టా పెట్‌వే యను మువ్వురికి జాతీయ కళానిధి గౌరవ పురస్కారము నొసగెను.

కీర్తితోపాటు తగవులును వచ్చెను. బొంతల నమ్మినవారికి దక్కిన దెంత, వాటి నమూనాలను కంబళ్లమీదను, కాగితములమీదను అచ్చువేసి అమ్మినవారికి దక్కిన దెంత యను ప్రశ్న పుట్టెను. 2007లో కొందఱు స్త్రీలు న్యాయస్థానమున కెక్కిరి. 2008లో రాజీ కుదిరెను. తీర్పు ఎవరి పక్షమన్నది యిచట ముఖ్యము కాదు. తమ చేతిపనికి తామే హక్కుదారులమని అడిగిరి, అది ముఖ్యము. భూమి విషయమున వారి తండ్రులు 1940 దశకమున సాధించినదానినే కుట్టు విషయమున వీరు కోరిరి. 2003లోనే తమ సొంత సంఘమును పెట్టుకొనిరి. 2021 నుండి పలువురు ఇంటర్నెట్ ద్వారా తమ బొంతలను తామే అమ్ముకొనుచున్నారు.

ఈ పని పాతతరముతో ముగియలేదు. మేరీ లీ బెండాల్ఫ్ కోడలు లూయీజియానా 1960లో పుట్టినది. కుట్టుట మానివేసిన యామె, 2002లో హ్యూస్టన్‌లో అత్తగారి బొంతలను, తన వంశపువారి బొంతలను గోడలమీద చూచెను. ఇంటికి వచ్చుచుండగనే క్రొత్త నమూనాలు మనస్సున మెదలుటచే మఱల సూది పట్టెను. అత్తాకోడండ్రు తరువాత తమ నమూనాలతో కాగితముపై అచ్చుచిత్రములును వేయించిరి. పొలము బట్టలు పోయి కొనిన గుడ్డ వచ్చినను గీత వంగుట మానలేదు. 2022 నుండి ప్రతి అక్టోబరున ఊరిలో బొంతలను ఆరుబయట ఆరవేసి ఉత్సవము చేయుచున్నారు. దూరదేశములవారును వచ్చి చూచుచున్నారు.

బల్లకట్టు 44 సంవత్సరముల తరువాత, 2006లో, మఱల నడచెను. 2019 నుండి అది విద్యుచ్ఛక్తితో నడచుచున్నది. నది దాటుట కిప్పుడు కొద్ది నిమిషములు చాలును. ఆ దారి మూసియున్న కాలమున పెరిగిన పిల్లలు, కోల్పోయిన పొలములు, అందని వైద్యము మఱల రావు. కనుక ఒంటరితనమే వారి కళకు వరమని తేలికగ చెప్పుట తగదు. పేదఱికము గుడ్డ నిచ్చినది, తీరు వారిది. భూమి వారిని నిలిపినది. సంఘము వారిని దాటించినది.

ఆ ప్రదర్శనశాలలలో నొక్కొక్క బొంత ప్రక్కను కుట్టినామె పేరు, పుట్టిన సంవత్సరము, కుట్టిన సంవత్సరము వ్రాసియుందురు. అట్లు వ్రాయగలుగుటకు కారణము, ముసలివారు బ్రదికియుండగనే ఒకరు వచ్చి, ఇది యెవరి చేతిపని, ఈ ముక్క యెవరి చొక్కా యని అడిగి తెలిసికొనుటయే. మన గ్రామములలోను బొంతలు, ధాన్యపు గాదెలు, గోడమీది ముగ్గులు, నేతలు, మట్టిబొమ్మలు ఎన్నియో కలవు. చేసినవారి పేర్లు పెద్దలకు మాత్రమే తెలియును. వారు ఆ పేర్లు మనుమలకు చెప్పి వ్రాయించిన నాడు, కాగితములకెక్కని చరిత్రలో కొంతయైన నిలుచును.