దొరల కార్లలో నిప్పు భయము

1906 ప్రాంతమున రోల్స్ రాయిస్ వారు నిర్మింప మొదలిడి, పిమ్మట సిల్వర్ ఘోస్ట్ అను పేర లోకప్రసిద్ధి గాంచిన ఆరు సిలిండర్ల కారును చూచి, దాని ఇంజను నడుచుచున్నదో ఆగియున్నదో చెవికి తెలియదని జనులు మెచ్చుకొనుచుండిరి. అట్టి నిశ్శబ్దయంత్రపు బానెట్ క్రింద సైతము, కఱ్ఱయు తోలును వార్నిషును కలిసిన ఆ సుందరదేహమును చూచుచుండగనే బూడిద చేయగల ప్రమాద మొకటి పొంచియుండెను.

ఇంజను వెనుకకు పేలుట రెండు విధములు. పొగగొట్టమున వినవచ్చు పేలుడు త్రోవను పోవు గుఱ్ఱములను బెదరించును గాని తఱచుగా కీడు చేయదు. కార్బ్యురెటర్ వైపు తిరిగినదే అసలు శత్రువు. పెట్రోలు చాలక గాలి మిక్కుటమైనపుడు మిశ్రమము మెల్లగా మండును. మరల లోనికి పీల్చుటకై వాల్వు తెఱచుకొను వేళకును ఆ మంట ఆఱక, మిశ్రమము వచ్చిన దారినే వెనుదిరిగి కార్బ్యురెటర్ నోట వెలువడును. చలి ఉదయములందు పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక, డ్రైవరు కార్బ్యురెటర్ మీది చిన్నమీటను నొక్కి, లోపల తేలు బుడ్డిని ముంచి, పెట్రోలు పొర్లువఱకు నింపి, పిదప ముందునకు వచ్చి హేండిలు త్రిప్పుచుండెను. పొర్లినది ఇంజను క్రింది రేకుపళ్లెములో నిలిచెడిది. దుమ్ము రాకుండ అమర్చిన ఆ పళ్లెమే ప్రమిద యైనదన్న మాట!

స్టీరింగు చక్రముపైని మీటతో స్పార్కు వేళను సవరించుట ఆనాటి డ్రైవరు విద్యలో ప్రథమపాఠము. స్పార్కు తొందరపడినచో హేండిలు ఎదురుతిరిగి మణికట్టు విఱుగును; మిక్కిలి ఆలసించినచో మంట సాగి వాల్వు తెఱచువేళకును మిగులును. యజమాని బిరుదములు కార్బ్యురెటర్‌కు తెలియవు. ఆయన ప్రాణము జీతగాని వ్రేళ్లయం దుండెను.

1815లో హంఫ్రీ డేవీ బొగ్గుగనుల దీపమునకు చుట్టిన తీగజల్లెడయే కొన్ని కార్బ్యురెటర్ల గాలిద్వారమునకును కావలి యయ్యెను. సన్నని కన్నులగుండ పోవు జ్వాల తన వేడిమిని లోహమునకు కోల్పోయి, ఆవలకు చేరకమునుపే చల్లారును. ఐనను జల్లెడకు దుమ్మును నూనెయు పట్టినచో గాలి ఆడక ఇంజను నీరసించును. కావున దానిని కడుగుటయు, రేకుపళ్లెమున పెట్రోలు నిలువనీయకుండుటయు డ్రైవరు పనియే. నా దృష్టిలో జల్లెడకంటె ఈ శ్రద్ధయే పెద్ద రక్షణ.

నిప్పంటుకొనిన పిమ్మట చేయవలసినది వినుటకు విపరీతముగ తోచును: పెట్రోలు కుళాయి కట్టివేసి, ఇంజనును ఆపక, వేగము హెచ్చించి, మంటను సిలిండర్లలోనికే పీల్పించవలెను. నీరు పోయరాదు, పెట్రోలు నీటిపై తేలుచు మంటను వ్యాపింపజేయును. అందుచే ఇసుక వాడుచుండిరి. 1910 తరువాత పైరీన్ అను ఇత్తడి చేతిపంపు ప్రచారమునకు వచ్చెను. అందలి కార్బన్ టెట్రాక్లోరైడు బరువైన ఆవిరియై మంటను కప్పి చంపెడిది. కాని ఆ వేడిలోనే కొంత ఫాస్జీన్ అను విషవాయువుగా మాఱుటచే, మూసిన గారేజిలో దానిని చిమ్మినవాడు మంట ఆఱినదో లేదో చూచుటకైనను లోపల నిలువరాదయ్యెను.